తరచుగా అడిగే ప్రశ్నలు: ప్రాథమిక బడిలో మట్టితో ఒక రోజు, పాఠాలూ బొమ్మలూ

నేను తెలంగాణలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. మూడు, నాలుగు తరగతులు మా దగ్గర ఒకే గదిలో కూర్చుంటాయి. ఏడాదిలో కొన్ని శనివారాలు మా గదిలో తెలుగు, లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) మూడూ మట్టితోనే నడుస్తాయి. మధ్యాహ్నం పిల్లలు తమకు నచ్చిన బొమ్మలు చేసుకుంటారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లు, బడి గేటు దగ్గర తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను.

మట్టి పని డ్రాయింగ్ పీరియడ్‌లో చేయించొచ్చు కదా, రోజంతా ఎందుకు?

నలభై నిమిషాల పీరియడ్‌లో మట్టి పంచడానికే పది నిమిషాలు పోతుంది. చేతులు కడిగించడానికి ఇంకో పది. మిగిలిన టైమ్‌లో పిల్లవాడు ముద్దను అటూ ఇటూ నలిపేసరికి బెల్ కొడతారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాఠం అయ్యాకే మట్టి ఇస్తే, చదువంటే భరించాల్సిందని, మట్టి దానికి దొరికే బహుమతి అని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది. పొద్దున లెక్కల్లో తూచిన ముద్దతోనే మధ్యాహ్నం బర్రెను చేస్తే ఆ గీత చెరిగిపోతుంది. ఈ పేజీలో ఒక్క సలహానే తీసుకుంటామంటే ఇది తీసుకోండి: మట్టిని పాఠంలోకి తేండి, పాఠం తర్వాతకి నెట్టకండి.

ఆ రోజు టైమ్‌టేబుల్ ఎలా ఉంటుంది?

ప్రార్థన అయ్యాక తెలుగు, తర్వాత ఈవీఎస్, భోజనానికి ముందు లెక్కలు. భోజనం అయ్యాక రెండు పీరియడ్లు బొమ్మలకు, చివరి అరగంట శుభ్రం చేయడానికి, చేసినవి చూసుకుని మాట్లాడుకోవడానికి. తెలుగులో మట్టి కొద్దిగానే వాడతాం, అది అయ్యాక తడి గుడ్డతో తుడుచుకుంటే సరిపోతుంది. ఈవీఎస్‌లో టీచరే చేసి చూపించేది ఎక్కువ. చేతులు బాగా మురికయ్యేది లెక్కల్లో, అందుకే దాన్ని భోజనానికి ఆనించి పెట్టాను. ఎలాగూ సబ్బుతో కడగాలి. ఇలా అమరిస్తే రోజుకు రెండుసార్లే పెద్ద కడుగుడు. ఒక్క నల్లా ఉన్న బడిలో ఇది చిన్న సంగతేమీ కాదు.

ఏ మట్టి తేవాలి?

దగ్గర్లో కుండలు చేసేవాళ్లుంటే వాళ్ల దగ్గరే కొనండి. వాళ్లు ఏ చెరువులో ఏ మూల తవ్వుతారో అది తరాల తెలివి. లేకపోతే ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడు పైపొర తీసేసి కింది బంకమట్టి తవ్వించండి. తెలంగాణలో 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రైతులు ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్న ఒండ్రు కూడా ఇలాంటి చెరువు అడుగుదే. అయితే ఒండ్రంతా బొమ్మలకు పనికిరాదు. కొన్నిచోట్ల ఇసుక ఎక్కువ, కొన్నిచోట్ల కుళ్లిన ఆకు ఎక్కువ.

పరీక్ష తేలిక. తడి మట్టిని పెన్సిల్ లావు తాడులా చేసి చూపుడువేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే మంచి మట్టి. మధ్యలో చిట్లితే ఇసుక ఎక్కువైనట్టు. వేలికి జిగురులా అతుక్కుని రాకపోతే నీళ్లు ఎక్కువైనట్టు.

పత్తి చేలలోని నల్లరేగడి దగ్గర జాగ్రత్త. తడిస్తే ఉబ్బడం, ఆరితే నెర్రెలు బారడం దాని గుణం. ఎండాకాలం పొలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అదొక్కటే దొరికితే జల్లించిన సన్న ఇసుక కలపండి. మురుగు కాలువ పక్క మట్టి, చెత్త కుప్ప దగ్గరి మట్టి ఎంత మెత్తగా ఉన్నా వద్దు. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు ఉంటాయి.

ఎంత కావాలి? ఎలా తయారు చేయాలి?

పిల్లకు 300 గ్రాములు లెక్కేసుకోండి. ముప్పై మందికి 9 కిలోలు, విరిగేవాటికీ అతికేవాటికీ ఇంకో కిలో.

తవ్వి తెచ్చిన మట్టిని ముందు ఎండబెట్టాలి. చాలామంది ఇక్కడే తొందరపడి పచ్చి గడ్డలనే నీళ్లలో వేస్తారు. అవి రోజులు గడిచినా కరగవు. బాగా ఎండిన గడ్డ నీళ్లలో పడితే బుడగలు వదులుతూ దానంతటదే విచ్చుకుంటుంది. ఆ చిక్కటి నీళ్లను పాత కాటన్ చీరలో వడకట్టి, తేరాక పైనీళ్లు వంపేసి, గోనె సంచి మీద ఆరబోయండి. చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా అయ్యాక పిసికి, తడి గుడ్డ చుట్టి, పాలిథిన్ కవర్‌లో మూతి కట్టేయండి. ఒక వారం అలా మగ్గితే మట్టి ఇంకా బాగా సాగుతుంది. ఈ పని మొత్తం పది రోజుల ముందు మొదలుపెట్టాలి. శుక్రవారం సాయంత్రం గుర్తొస్తే లాభం లేదు.

సామాన్లకు ఎంత ఖర్చవుతుంది?

దాదాపు ఏమీ కాదు. ఐస్‌క్రీం పుల్లలు, పళ్లు విరిగిన దువ్వెనలు, పాత టూత్‌బ్రష్‌లు, పెన్ను క్యాపులు, ముద్దను కోయడానికి నైలాన్ దారం, వేప ఈనెలు. నేల మీద పరవడానికి పాత ఫ్లెక్సీని మించింది లేదు, ఊళ్లో వాటికి కరువూ లేదు. నాయకుల ముఖాలు కిందికి వచ్చేలా పరవండి, లేకపోతే సాయంత్రానికి ఎవరో ఒకరికి కోపం వస్తుంది.

తెలుగు పాఠంలో మట్టి ఎందుకు? అక్షరాలు పలక మీద రాస్తే చాలదా?

రాసేవాళ్లకు చాలు. మూడో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర తడబడే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. వాళ్లకు మట్టి తాళ్లతో అక్షరం చేయించండి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి తాడు చక్కగా వంగుతుంది. ప, వ, మ, య చేయిస్తే ఎక్కడ కలిసి ఉంది, ఎక్కడ విడిపోయింది అన్నది వేలికి తెలుస్తుంది. తలకట్టు, దీర్ఘం, కొమ్ము, ఒత్తు విడి ముక్కలుగా చేసి ఒకే ‘క’ పక్కన మార్చి మార్చి పెడితే గుణింతాలూ ఒత్తులూ పాట లేకుండానే వచ్చేస్తాయి.

చదవడం వచ్చిన పిల్లలకు వేరే పని ఇవ్వండి. ఒక కుండను ముందు పెట్టి మూతి, మెడ, పొట్ట, అంచు, అడుగు అన్న మాటలు వచ్చేలా ఐదు వాక్యాలు రాయమనండి. మధ్యాహ్నం బొమ్మ అయ్యాక “ముందు, తర్వాత, ఆ పైన, చివరికి” అంటూ తయారీ విధానం రాయించండి. “మా ఊరు” వ్యాసానికి గైడ్‌లో వాక్యాలు దొరుకుతాయి. తాను చేసిన బర్రెకు కొమ్ములు ఎలా అతికాడన్నది ఏ గైడ్‌లోనూ ఉండదు.

లెక్కల్లో ఏం చేయిస్తారు?

నాకు ఇష్టమైన పీరియడ్ ఇదే, కాబట్టి జవాబు కొంచెం పొడుగు.

మొదట తూకం. త్రాసులో రెండు ముద్దలు సమానంగా తూచి, పిల్లల ముందే ఒకదాన్ని పొడుగు తాడులా సాగదీస్తాను. ఏది ఎక్కువ బరువు? సగం మంది తాడే ఎక్కువ అంటారు, పొడుగుగా ఉంది కదా. మళ్లీ త్రాసులో వేస్తే ముల్లు కదలదు. డీఎస్సీకి చదివిన ప్రతి టీచరూ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే పేరు, ‘పదిలపరచుకునే భావన’ (ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక) అన్న మాట బట్టీ పట్టే ఉంటారు. ఏడేళ్లు దాటాక పిల్లల్లో ఇది కుదురుకుంటుందని చదువుకున్నాం. పరీక్షలో ఒక మార్కు బిట్‌గా మిగిలిపోయిన ఆ సంగతి మన కళ్లముందు జరుగుతుంది. “మీరేం కలపలేదు, ఏం తియ్యలేదు కదా సార్” అని ఒక పిల్ల అంటే చాలు. ఆ మాట మనం చెప్పకుండా ఆగడమే కష్టం.

తర్వాత భిన్నాలు. మట్టి రొట్టెను నైలాన్ దారంతో రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా కోసి, ముక్కలను తూచమంటాం. చూపుకి సమానంగా ఉన్న పావు ముక్కలు తూకంలో తేడా వస్తే, ‘సమాన భాగాలు’ అన్న షరతు పుస్తకంలో ఎందుకు రాశారో గొడవ పడుతూ నేర్చుకుంటారు.

మూడోది వారం పాటు నడిచే పని. ఒక్కో జట్టు మందమైన మట్టి పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి తూచి రాసుకుంటుంది. ఆరాక మళ్లీ కొలవాలి. మామూలు బంకమట్టి పొడవులో 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుంటుంది, అంటే గీతల మధ్య 9, 9.5 సెంటీమీటర్లే మిగులుతుంది. రేగడి కలిస్తే ఇంకా తగ్గుతుంది. బరువులో పోయింది నీళ్ల బరువే. మిల్లీమీటర్లు చదవడం, తీసివేత, పట్టిక వేయడం అన్నీ ఇందులోనే అయిపోతాయి.

ఈవీఎస్‌లో?

పచ్చి ప్రమిద ఒకటి ఆరబెట్టి ఉంచండి, పగిలిన కుండ పెంకు ఒకటి తేండి. రెంటినీ రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేయండి. ప్రమిద అంచులు రాలి, పక్కలు కూలి, గంటలోపే అడుగున బురదగా చేరుతుంది. పెంకు అలాగే ఉంటుంది. రెండూ మట్టే కదా, తేడా ఎక్కడ వచ్చింది? నిప్పు దగ్గర వచ్చింది. సుమారు 500, 600 డిగ్రీల వేడి దాటితే మట్టిలో రసాయనికంగా కట్టుబడిన నీరు కూడా పోతుంది, ఇక అది మళ్లీ మెత్తని మట్టి కాలేదు. పిల్లలకు డిగ్రీలు అవసరం లేదు. “ఎండ చాలదు, ఆవం కావాలి” అన్నంతవరకు చాలు, ఆవం అంటే కుండలు కాల్చే బట్టీ.

ఎండాకాలమైతే రంజన్‌లో (మట్టి కుండలో) నీళ్లు, స్టీలు బిందెలో నీళ్లు పక్కపక్కన పెట్టి ముట్టుకుని చూడమనండి. రంజన్ బయట చెమ్మ ఎందుకుందో వాళ్లే అడుగుతారు. సన్న రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. వానాకాలంలో ఈ ప్రయోగం పెట్టి నిరాశపడకండి. గాలిలో తేమ ఉంటే ఆవిరి కావడం తగ్గుతుంది.

మధ్యాహ్నం ఏం చేయమనాలి? వదిలేస్తే అందరూ జేసీబీలే చేస్తున్నారు.

చేయనివ్వండి. మొదటిసారి జేసీబీ, సెల్‌ఫోన్, పాము, శివలింగం తప్ప ఇంకేం రావు. పక్కవాణ్ణి చూసి చేసే వస్తువులవి. రెండోసారి నుంచి ఒక చిన్న షరతు పెట్టండి: పొద్దున బడికి వస్తుంటే కనిపించినదై ఉండాలి. అప్పుడు కల్లు ముంతలు, బోరింగు, గడ్డిమోపు మోసే నానమ్మ, ట్రాన్స్‌ఫార్మర్ వస్తాయి. అయితే జేసీబీని తక్కువ చేయకండి. దాని చెయ్యి నిలబెట్టడానికి నాలుగో తరగతి పిల్లలు లోపల పుల్ల పెట్టాలని కనిపెట్టడం నేను చూశాను.

బొమ్మల కాళ్లు విరిగిపోతున్నాయి, ఆరితే పగుళ్లు వస్తున్నాయి. ఏం చేయాలి?

అతికించేటప్పుడు రెండు వైపులా దువ్వెన పళ్లతో గీతలు పెట్టి, పలచని మట్టి బురద రాసి, నొక్కి, అతుకు చుట్టూ వేలితో మూసేయాలి. ఊరికే నీళ్లు అద్ది అంటించిన తోక ఆరాక ఊడిపోతుంది. విడిగా అతికించే కన్నా ఒకే ముద్దలోంచి కాళ్లు లాగితే ఇంకా గట్టి.

పగుళ్లకు ముఖ్య కారణం ఒకటే: ఒక భాగం త్వరగా, ఒక భాగం ఆలస్యంగా ఆరడం. సన్నని చెవులు ముందే ఆరి కుంచించుకుంటాయి, లావు పొట్ట ఇంకా తడిగా ఉంటుంది, మధ్యలో లాగుడు పడి చిట్లుతుంది. అందుకే గోడలు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా ఒకే మందంలో ఉంచాలి. లావుగా ఉన్న బొమ్మను అడుగునుంచి స్పూనుతో తొలవాలి. మొదటి రోజు తడి గుడ్డ కప్పి, తర్వాత నీడలోనే వారం, పది రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెట్టమని పిల్లలు గోల చేస్తారు, వినకండి. ఫ్యాన్ కింద కూడా వద్దు. చేస్తున్నంతసేపూ నీళ్లు చల్లుకుంటూ పోయే పిల్లల బొమ్మలే ఎక్కువగా పగులుతాయి. అందుకని జట్టుకు ఒక చిన్న మూత నిండా మాత్రమే నీళ్లిస్తాను.

కాళ్లు ఎంతకీ నిలవకపోతే? మా మూడో తరగతి పిల్ల ఒకతి నాలుగు కాళ్లూ తీసేసి కడుపు కిందికి మడిచి, మెడ పక్కకు తిప్పి, “సార్, నా బర్రె పండుకుంది, నెమరేస్తుంది” అంది. ఆ రోజు గదిలో ఉన్న బర్రెలన్నిటిలో నిజమైన బర్రెలా ఉన్నది అదొక్కటే.

వంకరగా చేస్తుంటే టీచర్ సరిచేయొచ్చా?

వద్దు. పద్ధతి చూపించాలంటే మన దగ్గర వేరే ముద్ద ఉంచుకుని దాని మీద చూపించాలి. పిల్ల బొమ్మ మీద మన చెయ్యి పడిందా, అది ఇక మన బొమ్మే. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వస్తున్నారని అచ్చుల్లో ఒత్తించి వరుసగా పేర్చడం కూడా నాకు నచ్చదు.

కాల్చాలా?

అక్కర్లేదు. చాలా బొమ్మలను ఆరబెట్టి, వారం రోజులు కిటికీలో పెట్టి, తిరిగి నానబెట్టేస్తాం. ఇంటికి తీసుకెళ్తామన్నవాళ్లు తీసుకెళ్తారు. ప్రమిదలు, చిన్న కుండలు మాత్రం కుమ్మరి ఆవంలో ఖాళీ ఉంటే అడిగి పెట్టించొచ్చు. పూర్తిగా ఆరాయా లేదా చూసి ఇవ్వండి. లోపల తడి ఉంటే ఆవిరి పట్టి బొమ్మ పేలుతుంది, పక్కన ఉన్న ఆయన కుండలు కూడా పోతాయి. కట్టెల పొయ్యిలో ఇంట్లోనే కాల్చే ప్రయత్నం పిల్లలతో చేయొద్దు.

రంగులు ఏవి?

జాజు (ఎర్రమట్టి రంగు), సుద్ద. కొంచెం తుమ్మ జిగురు కలిపితే చేతికి అంటవు. పోస్టర్ కలర్స్ కూడా పర్లేదు. ఆయిల్ పెయింట్ వేస్తే ఆ మట్టి మళ్లీ పనికిరాదు.

కుమ్మరి పని తెలిసినవాళ్లను బడికి పిలవచ్చా? ఎలా పిలవాలి?

తప్పకుండా పిలవండి. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని రోజులు ఉండాలంటూ, వాళ్లు పని నేర్చుకోవాల్సినవాళ్లలో వడ్రంగులు, తోటమాలులు, కళాకారులతో పాటు కుమ్మరులనూ పేరు పెట్టి చెప్పింది. ప్రాథమిక బడికి ఆ నిబంధన లేకపోయినా ఆ స్ఫూర్తి తీసుకోవడానికి అడ్డేముంది?

పిలిచేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయి. ఒక పూట పని మానుకుని వస్తారు కాబట్టి కూలి, రాను పోను ఖర్చు ఇవ్వాలి. శాలువా కప్పి ఫొటో దిగి పంపించేయడం సరికాదు. కుర్చీ వేయాలి, పిల్లలతో పేరు పెట్టి పిలిపించకుండా తాత, మామ అనిపించాలి. గదిలో ఎవరో ఒకరు కులం పేరుతో ఏదో అంటారు, ఇంట్లో విన్నదే. అక్కడ ఉపన్యాసం ఇవ్వకుండా ఆ పిల్లవాణ్ణే సారె (కుమ్మరి చక్రం) దగ్గర కూర్చోబెట్టండి. తాత వేళ్ల మధ్య లేచిన కుండ తన వేళ్ల కింద కూలిపోయాక వాడు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

“మా వాణ్ణి డాక్టర్ని చేద్దామనుకుంటే మీరు కుండలు చేయిస్తున్నారా?” అంటున్నారు తల్లిదండ్రులు.

ఈ మాట పడని టీచర్ ఉండరు. కోపం తెచ్చుకోకండి. ప్రైవేటు బడి బస్సు రోజూ వాళ్ల ఇంటి ముందు నుంచే పోతుంది, వాళ్ల టెన్షన్ వాళ్లది. వాదించే బదులు ఆ వారం నోటుబుక్ చూపించండి: కుంచించుకున్న పట్టీ కొలతలు, తీసివేతలు, తయారీ విధానం రాసిన పేజీ. పనిలో పనిగా ఒక తల్లినో తాతనో మధ్యాహ్నం పీరియడ్‌కి రమ్మనండి. కర్నూలు వైపు ఏరువాక పున్నమికి, ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యకు మట్టి ఎద్దులు చేసిన చేతులు ఇంకా ఊళ్లలో ఉన్నాయి. వాళ్లు కూర్చుంటే మనకే పాఠం.

మట్టి ముట్టుకుంటే జబ్బులు రావా? మా పాప మట్టి తింటుంది కూడా.

రెండు వేరు ప్రశ్నలు. శుభ్రమైన చోటి మట్టి, చేతికి పుండ్లు లేకపోవడం, కత్తిరించిన గోళ్లు, అయ్యాక సబ్బు ఉంటే భయం అక్కర్లేదు. చేతికి గాయం ఉన్న పిల్లలకు ఆ రోజు త్రాసు, నోటుబుక్ పని ఇవ్వండి.

మట్టి, బలపాలు, సున్నం తినడం ఆగకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించండి. రక్తహీనత, ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఈ అలవాటు తరచు కనిపిస్తుంది. తిట్టి, కొట్టి మాన్పించేది కాదు. జాతీయ నులిపురుగుల నివారణ దినం ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఉంటుంది. ఆ రోజుల్లో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి.

కొందరు పిల్లలు మట్టిని అసలు ముట్టుకోరు.

బలవంతం వద్దు. తడి జిగట కొందరికి నిజంగానే భరించలేనట్టు ఉంటుంది. పుల్లతో గీయనివ్వండి, ముద్దను పలచని పాలిథిన్ కవర్‌లో పెట్టి నొక్కనివ్వండి, లేదా తూకాల లెక్క రాసే పని ఇవ్వండి. చూపు తక్కువ ఉన్న పిల్లలు మాత్రం ఈ పనిలో తరచు అందరికన్నా ముందుంటారు.

బజార్లో దొరికే రంగుల క్లే వాడకూడదా?

వాడొచ్చు. ప్లాస్టిసిన్‌ను 1897లో ఇంగ్లండ్‌లో విలియం హార్బట్ తయారుచేశాడు. నూనె ఉంటుంది కాబట్టి అది ఆరదు, ఒకటో తరగతికి, వానాకాలానికి సుఖం. కానీ ఆరదు కాబట్టే కుంచించుకోదు, నీళ్లలో కరగదు, కాలదు. పైన చెప్పిన లెక్కలూ ఈవీఎస్ ఏవీ దానితో జరగవు. ఇంట్లో చేసుకోవాలంటే రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, చెంచా నూనె, తగినన్ని నీళ్లు.

వినాయక చవితికి బొమ్మలు చేయించొచ్చా?

చేయాలనుకున్న పిల్లలతో చేయించండి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి ఈవీఎస్ పాఠానికి కూడా కలుస్తుంది. అందరికీ అదే పని అని మాత్రం పెట్టకండి. గదిలో ఇమ్రాన్‌లు, మేరీలు కూడా ఉంటారు. వాళ్లు ఎలుక చేస్తామంటే ఎలుక, ఆటో చేస్తామంటే ఆటో.

మార్కులు ఎలా వేయాలి?

బొమ్మకు వేయొద్దు. రాసిన వాక్యాలకు, కొలతలకు వేయండి. బొమ్మ గురించి పిల్ల చెప్పిన ఒక మాటను తేదీతో రాసి పెట్టుకుంటే ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) రికార్డుకు అదే ఎక్కువ పనికొస్తుంది. ఫస్ట్, సెకండ్ ప్రైజులు పెడితే వచ్చేసారి అందరూ ఫస్ట్ వచ్చిన బొమ్మనే చేస్తారు.

మేం అమెరికాలో వారాంతపు తెలుగు తరగతి నడుపుతున్నాం. మాకు పనికొస్తుందా?

అక్షరాలు, గుణింతాలు, కుండ వర్ణన నేరుగా పనికొస్తాయి. అక్కడ క్రాఫ్ట్ షాపుల్లో గాలికి ఆరే క్లే దొరుకుతుంది. కార్పెట్ ఉన్న గదిలో మాత్రం మొదలుపెట్టకండి.

చివర్లో గది శుభ్రం ఎలా?

పొడి చీపురు వాడొద్దు, దుమ్ము లేచి అందరూ పీలుస్తారు. ఫ్లెక్సీ మీద రాలినవి ఏరి బకెట్‌లో వేసి, మిగిలింది తడి గుడ్డతో తుడవాలి. చేతులు మొదట బకెట్ నీళ్లలో ముంచి, తర్వాతే నల్లా దగ్గరికి. నేరుగా నల్లా కింద కడిగితే సాయంత్రానికి పైపు జామ్ అవుతుంది. బకెట్ అడుగున పేరుకున్న మట్టిని మర్నాడు పైనీళ్లు వంపేసి ఎండబెట్టండి, ఎండిన గడ్డలు వచ్చేసారికి పనికొస్తాయి. పిల్లలే ఇదంతా చేయాలి, ఆయమ్మకు వదిలేయకూడదు.